పెద్ద దొంతి ముందు లేవకూడదు

ఈలీ, నెవాడా
27 ఫిబ్రవరి 1984

ఒరేయ్ ఎమిల్,

ఎలా ఉన్నావని తర్వాత అడుగుతాను. ముందు ఇది చదువు. ఒళ్ళు మండిపోతోంది.

మొన్న శనివారం చలికాలం ఆట ఆఖరి రోజు. అమ్మ పోయాక కూడా ఒక్క ఏడూ మానకుండా మన కేఫ్ వెనక గదిలో పోకర్ ఆడిస్తున్నాను కదా. ఈసారీ అందరూ వచ్చారు. ఒక్కొక్కళ్ళే పందెం బిళ్ళలు పోగొట్టుకుని లేచి, గోడవార కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. చివరికి ఇద్దరు మిగిలారు. ఒకడు హార్లన్ వీట్లీ, హైవే మీద మోటెల్ ఉంది చూడు, వాడు. వాడి ముందు బిళ్ళల దొంతులు కోటగోడలా ఉన్నాయి. ఎదుటి మనిషి ముందు చిన్న దొంతి ఒకటి. ఎవరన్నది నీకనవసరం.

ఆ చిన్న దొంతి మనిషి ఉన్నదంతా ముందుకి తోస్తే హార్లన్ సరేనన్నాడు, తన దాంట్లోంచి అంత పోగొట్టుకున్నాడు. కాసేపటికి మళ్ళీ అదే జరిగింది. గోడవారవాళ్ళు చప్పట్లు కొట్టారు. వాడి మొహం బీట్‌రూటు రంగుకి తిరిగింది. తర్వాత పంచిన రెండు మూడు చేతులు వాడివే అయ్యాయి, ఎదుటి దొంతి మళ్ళీ మొదటికొచ్చింది. ఇంకా బతికే ఉంది! అప్పుడు లేచాడురా. కోటు తొడుక్కుని, “ఈ చిల్లర దొంతులతో నేను ఆడను. బిళ్ళలు ఎవరి దగ్గర ఎక్కువుంటే వాళ్ళే గెలిచినట్టు. తాళంచెవి ఇలా ఇవ్వండి” అన్నాడు.

అమ్మ రూలు నీకు తెలియనిదా? ఇద్దరే మిగిలితే చిన్న దొంతివాడు ఎప్పుడు కావాలంటే అప్పుడు లేవచ్చు. పెద్ద దొంతివాడు ముందు లేవకూడదు. లేస్తే ఓడినట్టే. గెలిచినవాళ్ళకి ఈ గది తాళంచెవి, వచ్చే చలికాలం ఆట ఎక్కడో, కూర్చోవడానికి ఎంత తేవాలో చెప్పే హక్కు. హార్లన్ ఏమంటాడంటే అలాంటి రూలే లేదట. అమ్మ నోట విన్నవాళ్ళలో మిగిలింది నువ్వూ నేనూ. నా గది కాబట్టి నా మాట చెల్లదట! నీ మాటకైతే అందరూ ఒప్పుకుంటారు, రీనోలో పేరున్న ఆటగాడివి కదా. రెండు ముక్కలు రాసి పంపు. కేఫ్ తలుపుకి అంటిస్తాను.

మీ అక్క
వెర్నా


రీనో
5 మార్చి

అక్కా,

నీ ఉత్తరం విప్పగానే నీ గొంతు వీధి చివరిదాకా వినపడింది.

కోపం తెచ్చుకోనంటే ఒక మాట. హార్లన్ పద్ధతి బాగాలేదు, ఒప్పుకుంటాను. కానీ ఆటగాడిగా చూస్తే వాడి మాటలో అర్థం లేకపోలేదు. ఇద్దరే ఆడేటప్పుడు చిన్న దొంతి ఎంతో పందెం అంతే. హార్లన్ ముందున్న మిగతా బిళ్ళలన్నీ వంటగదిలో పెట్టొచ్చినా తేడా లేదు. ఇక చిన్న దొంతివాడికి ఆటేముంది చెప్పు? మంచి ముక్కలొస్తే మొత్తం తోసెయ్యడం, రాకపోతే పడెయ్యడం. బెదిరించడం లేదు, ఊరించి పందెంలోకి లాగడం లేదు, ఎదుటివాడి మనసు చదవడం లేదు. నేను నేర్చుకున్న విద్యంతా అక్కడ దండగ. ఇక్కడ ఎవడూ చిన్న దొంతుల ఎదురుగా ఒంటరిగా కూర్చోడు. గెలిస్తే పేరు రాదు, ఓడితే నవ్వుతారు.

నువ్వు చెప్పినదాన్ని బట్టి బిళ్ళల్లో పదోవంతు ఆ మనిషి దగ్గర ఉండి ఉంటాయి. అంటే పదిసార్లు ఆడితే తొమ్మిదిసార్లు హార్లనే గెలుస్తాడు. ఆ మిగిలిన ఒక్కదాని కోసం ఇంత రాద్ధాంతం ఎందుకక్కా?

రూలు సంగతంటావా, అమ్మ ఆ మాట అనేది. నిజమే. కానీ అమ్మ చాలా అనేది. దాన్ని రూలనాలో అలవాటనాలో నాకు తెలీదు. తలుపుకి అంటించేంత మాట నేను రాయలేను.

వాల్‌నట్ రొట్టె చేసినప్పుడు ఒక ముక్క పంపు.

ఎమిల్


ఈలీ
9 మార్చి

ఎమిల్,

రొట్టె కావాలా నీకు? పిండి కూడా పంపను.

“ఆ మనిషి, ఆ మనిషి” అని రాశావే, ఆ మనిషిని నేనేరా! చిన్న దొంతి నాది. పేరు రాస్తే తమ్ముడివి కాబట్టి నా వైపు మాట్లాడావంటారని దాచాను. ఎంత అమాయకురాలినో చూడు. తమ్ముడు నా వైపు మాట్లాడతాడని భయపడ్డాను!

పదిలో ఒకటి అన్నావు. సరే, ఒకటే. ఆ ఒకటి నాదా కాదా? నేను రెండు అడిగానా, అయిదు అడిగానా? కూర్చుని తొమ్మిదిసార్లు నన్ను ఓడించమను, నోరు మూసుకుని గిన్నెలు తోముకుంటాను. ఆడి ఓడిపోవడానికి నేనేమీ సిగ్గుపడను. ఆడకుండా ఓడిపోయావంటే మాత్రం ఒప్పుకునేది లేదు. నా ఒకటి నాకిచ్చి వాడి తొమ్మిది వాణ్ణి పట్టుకుపొమ్మను.

చిన్న దొంతికి విద్య లేదంటావా? గస్ట్ లాంబ్రోస్‌ని అడుగు. వాడు రాగి ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర పనిచేసినన్నాళ్ళూ ఇరవై డాలర్లే తెచ్చుకుని కూర్చున్నాడు. ఫ్యాక్టరీ మూసేశాక కూడా అదే ఇరవై, ఎలా తెస్తున్నాడో దేవుడికే తెలియాలి. శనివారం సాయంత్రం షేవింగ్ చేసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వస్తాడు. వారం మొత్తంలో వాడు మనుషుల్లో కూర్చునేది అప్పుడే.

హార్లన్ ఏం చేయబోతున్నాడో తెలుసా? మోటెల్లో కొత్త పేకాట గది కడుతున్నాడు. తివాచీ, షాండ్లియరు, మెడకి బోటై కట్టిన మనిషి ముక్కలు పంచడం. వచ్చే చలికాలం ఆట అక్కడేనట. రెండు వందల డాలర్లకి తక్కువైతే కుర్చీ ఇవ్వడట. గస్ట్ ఎక్కడ కూర్చోవాలి? బయట మంచులోనా?

హార్లన్ దొంతులూ నా దొంతీ ఎక్కడివక్కడే ఉంచాను. నాదాని మీద కేకు మూత బోర్లించాను. ఒక్క బిళ్ళ కదల్చలేదు, కదల్చనివ్వను కూడా. రూలు రాస్తావా, రాయవా?

వెర్నా


రీనో
16 మార్చి

అక్కా,

నువ్వని తెలిస్తే అలా రాసేవాణ్ణి కాదు. తప్పయిపోయింది.

కానీ శాంతంగా ఆలోచించు. నీకు మోకాళ్ళ నొప్పులు. పగలంతా కేఫ్, శనివారాలు ఆట, తర్వాత ఆ గది ఊడవడం. వేరే ఎవరో ఆ బరువు ఎత్తుకుంటామంటే ఎత్తుకోనీరాదూ? కాలం మారుతోంది. కొత్త గది వస్తే ఊరికి నలుగురు వస్తారు, నీ కేఫ్‌కీ నాలుగు డబ్బులు వస్తాయి. గస్ట్ విషయం హార్లన్‌తో నెమ్మదిగా మాట్లాడొచ్చు. వాడు అనుకున్నంత చెడ్డవాడు కాదు.

నేను కూడా ఈ ఏడాది ఈలీ వచ్చి ఉండిపోదామా అని ఆలోచిస్తున్నాను. అప్పుడు తీరిగ్గా మాట్లాడుకుందాం.

నీ తమ్ముడు
ఎమిల్


ఈలీ
22 మార్చి

మహారాజశ్రీ ఎమిల్ మారోవిచ్ గారికి,

నిన్న మధ్యాహ్నం శ్రీ హార్లన్ వీట్లీ గారు మా కేఫ్‌కి దయచేశారు. చెర్రీ కేకు ముక్క తెప్పించుకుని, అందరూ వినేలా, “నీ తమ్ముడు రూలు రాసిస్తాడని చూస్తున్నావా వెర్నా? జనవరిలోనే మాట్లాడేసుకున్నాం. నా పేకాట గదికి పెద్ద ఎవరనుకున్నావు? మీ ఎమిలే” అన్నారు.

గస్ట్ అక్కడే ఉన్నాడు. కాఫీ సగం తాగి, డబ్బులు బల్ల మీద పెట్టి, నా మొహం చూడకుండా వెళ్ళిపోయాడు.

తమరికి కొత్త ఉద్యోగం వచ్చినందుకు అభినందనలు. బోటై కట్టుకోవడం రాకపోతే అద్దం ముందు సాధన చేసుకోండి. తమరు ఇకమీదట ఉత్తరాలు రాయనక్కరలేదు. హార్లన్ గారు అసలు మనిషిలా కనపడుతున్నారు నాకిప్పుడు. ఆయన కనీసం నా కళ్ళెదుటే లేచిపోయారు.

ఇట్లు
వెర్నా మారోవిచ్
కేఫ్ యజమానురాలు


రీనో
27 మార్చి

అక్కా,

“గారు” అన్నావు చూడు, దానికంటే చెంప పగలగొట్టినా బాగుండేది.

అవును. జనవరిలో హార్లన్ ఫోన్ చేశాడు. నెలజీతం, మోటెల్లో ఒక గది. ఒప్పుకున్నాను. ఇంటికి రావడానికి నాకు వేరే దారి కనిపించలేదు. పొద్దున్నే నీ కేఫ్‌లో గుడ్లు తిని, నువ్వు తిడుతుంటే వింటూ పేపర్ చదువుకోవచ్చని ఆశపడ్డాను. రెండు వందల సంగతి తెలీదని రాద్దామనుకున్నాను. తెలుసు. గస్ట్ గుర్తురాలేదంటే అబద్ధం, గుర్తొచ్చాడు, పక్కకి తోసేశాను.

నీకు మొదటి ఉత్తరంలోనే చెప్పాల్సింది. నీళ్ళు నమిలాను.

ఇప్పుడు ఇంకో మాట. హార్లన్ వెనక ఊళ్ళో నవ్వుకుంటున్నారట, ముసలమ్మకి భయపడి లేచిపోయాడని. ముసలమ్మ అన్నది వాళ్ళ మాట, నాది కాదు. అందుకని ఆట పూర్తి చేయడానికి ఒప్పుకున్నాడు. తనకి నడుం నొప్పట, తన కుర్చీలో నన్ను కూర్చోమన్నాడు. నేను సరేనన్నాను. ఏప్రిల్ ఏడో తారీకు శనివారం.

నువ్వు నీ ఒకటి నీకు కావాలన్నావు. వచ్చి ఎదురుగా కూర్చుంటాను. జాలి చూపించను, నువ్వూ చూపించకు. రూలు గురించి మాత్రం ఇప్పుడు అడక్కు.

ఎమిల్


ఈలీ
9 ఏప్రిల్

ఒరేయ్ దగుల్బాజీ,

బస్సెక్కి పారిపోతే వదిలేస్తాననుకున్నావా? పోస్టు అనేది ఒకటుంది.

జాలి చూపించనని రాశావు. ఆ కాగితం నా ఏప్రన్ జేబులోనే ఉంది. నిన్ను నమ్మి కొత్త పేక విప్పాను. గోడవార ఊరంతా ఉంది. మొదట్లో బాగానే ఆడావు, నా బిళ్ళలు రెండు మూడు లాక్కున్నావు కూడా. నాకు సంతోషం వేసింది, వీడు నిజంగానే ఆడుతున్నాడని. మొత్తం తోశాను, రెండింతలైంది. మళ్ళీ తోశాను, మళ్ళీ రెండింతలు. హార్లన్ కిటికీ దగ్గర గోళ్ళు కొరుక్కుంటున్నాడు. అప్పుడు నా చేతికి రెండు రాజులు వచ్చాయి. ఎమిల్, అమ్మ పెళ్ళి ఫోటోలో కూడా నా చేతికొచ్చిన ఆ రాజులంత అందం లేదు. మొత్తం తోశాను.

నువ్వు నీ ముక్కలు చూశావు, నన్ను చూశావు. తర్వాత గస్ట్ వైపు చూశావు, అదీ గమనించాను. ముక్కలు బోర్లించి లేచి నిలబడ్డావు!

“మా అమ్మ రూలు ప్రకారం నేను ఓడిపోయాను. ఆ లెక్కన హార్లన్ ఫిబ్రవరిలోనే ఓడిపోయాడు” అన్నావు. టోపీ పెట్టుకుని వెళ్ళిపోయావు. అందరూ నన్ను కౌగిలించుకుని తాళంచెవి చేతిలో పెట్టారు. నేను చెట్టంత మనిషిని అక్కడే ఏడ్చాను. సంతోషంతో కాదు, కోపంతో!

గస్ట్ నీ ముక్కలు తిప్పి చూశాడు. రెండు ఆసులు. నీ ఆసులకి నా రాజులు అయిదుసార్లలో నాలుగుసార్లు ఓడిపోతాయి, అది నాకూ తెలుసు. అక్క ఓడిపోతుందని లేచావు, అవునా? దానం చేశాననుకుని బస్సులో హాయిగా నిద్రపోయి ఉంటావు. మరి విను. ఇద్దరికీ కలిపి బల్ల మీద పరిచే ముక్కలు తెరవమని గస్ట్‌కి చెప్పాను. అయిదు తెరిచాడు. నాలుగోది రాజు, ఆసు ఒక్కటీ లేదు.

మూడో రాజొచ్చిందిరా! ఆ చెయ్యి నాది! పెద్ద దొంతి నాదయ్యేది! నువ్వు నాకు దానం చేసింది నా గెలుపునే.

హార్లన్ చీదరించుకుని లేచాడు, నువ్వు జాలిపడి లేచావు. బల్లకి ఇవతల కూర్చున్నదానికి తేడా ఏమిట్రా? రెండుసార్లూ నా ఎదురుగా ఖాళీ కుర్చీయే. రెండుసార్లు గెలిచాను, ఒక్కసారి కూడా ఆడి గెలవలేదు. ఈ తాళంచెవి చేతిలో పట్టుకుంటే సగం నీదే అనిపిస్తోంది.

సమాధానం రాయి. నీళ్ళు నమలకుండా రాయి.

వెర్నా


రీనో
16 ఏప్రిల్

అక్కా,

నిజంగా రాజొచ్చిందా? బస్సులో నిద్రపోలేదు కానీ ఇది చదివాక ఒకటే నవ్వు. పక్కగదివాడు గోడ మీద కొట్టాడు.

నీ మీద జాలి కాదక్కా. ఆసులు చూడగానే ఈ చెయ్యి నాదే అనుకున్నాను. అనుకున్న మరుక్షణం గస్ట్ కనిపించాడు, ఆ ఇస్త్రీ చొక్కాలో. ఈ ముక్కలు తిప్పితే, వచ్చే చలికాలం వాడికి కుర్చీ లేదని తలుపు దగ్గర నిలబడి చెప్పాల్సింది నేను. హార్లన్ చెప్పడు, దానికే కదా నాకు జీతం. ఆ కుర్చీలో ఇంక ఒక్క క్షణం కూర్చోలేకపోయాను. నీ చెయ్యి పాడు చేశాను, దానికి నువ్వెంత తిట్టినా పడతాను.

ఉద్యోగం పోయింది. హార్లన్ ఆదివారం పొద్దున్నే ఫోన్ చేసి తీసేశాడు. నువ్వు తిట్టినన్ని తిట్లు వాడికి రావు పాపం.

దాచింది ఇంకొకటి ఉంది. రీనోలో పేరున్న ఆటగాడినని నువ్వు అందరికీ చెప్పుకుంటావు. రెండేళ్ళుగా నా దొంతి కరుగుతూనే ఉంది. పోయిన శరదృతువులో ఒక బల్ల దగ్గర కూర్చున్నాను. మిగిలింది నేనూ ఒక కుర్రాడూ. వాడు నా బిళ్ళలు చూసి లేచి నిలబడ్డాడు. “ఇంకొంచెం తెచ్చుకుని రండి సార్, అప్పుడు ఆడదాం” అన్నాడు. మర్యాదగానే అన్నాడు. నేను ఖాళీ కుర్చీ ముందు చాలాసేపు అలాగే కూర్చున్నాను. చిన్న దొంతుల ఎదురుగా ఇక్కడ ఎవడూ కూర్చోడని నీకు రాసింది అందుకే. అది నా విద్య కాదు, నాకు జరిగింది.

ఇక్కడే ఏదో పని చూసుకుంటాను. నా గురించి బెంగపడకు. తాళంచెవి పూర్తిగా నీదే.

ఎమిల్


ఈలీ
24 ఏప్రిల్

ఒరేయ్ ఎమిల్,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి ఆ కుర్రాడి మీద మండిపోయాను. రెండోసారి నీ మీద. మూడోసారి చదువుతూ కళ్ళు తుడుచుకుని, మళ్ళీ నీ మీదే మండిపోయాను. దొంతి చిన్నదైతే అక్కకి రాయడానికి నామోషీనా? నా కేఫ్‌లో అప్పు పెట్టి తిన్నవాళ్ళని ఎవరినైనా ఎప్పుడైనా లేవగొట్టానా? ఇక్కడే ఏదో పని చూసుకుంటాడట! అంట్లు తోమడానికి నాకు మనిషి లేడని రెండేళ్ళుగా మొత్తుకుంటున్నాను, అది వినపడలేదా నీకు?

నిన్న గస్ట్ వచ్చాడు. ఆట కాలం కాకపోయినా వెనక గది తెరిచి ఇద్దరం కూర్చున్నాం. వాడి దగ్గర మూడు బిళ్ళలు మిగిలాయి. ముక్కలు చూసుకుంటాడు, పెదాలు కొరుక్కుంటాడు, మళ్ళీ చూసుకుంటాడు. విద్య లేదన్నావే, వచ్చి ఆ మొహం చూడు. ఓవెన్లోంచి వాల్‌నట్ రొట్టె మాడిన వాసన వచ్చింది. “వెర్నా, రొట్టె” అన్నాడు గస్ట్. మాడితే మాడిందన్నాను. బొగ్గయిపోయింది. నేను లేవలేదు.

తలుపు గొళ్ళెం ఊడదీయించేశాను. ఇక ఆ గదికి తాళంచెవితో పనిలేదు, ఎవడి దగ్గరుంటే వాడు చెవిలో గుబిలి తీసుకోవచ్చు. హార్లన్‌కి కూడా కబురు పెట్టాను, నడుం తగ్గితే వచ్చి కూర్చోమని. వస్తాడో రాడో వాడిష్టం.

మన ఆట ఇంకా అవలేదు. నువ్వు ఆడింది హార్లన్ దొంతి. ఈసారి నీది తెచ్చుకో. ఎంతుంటే అంత. ఇరవై ఉంటే ఇరవై, రెండుంటే రెండు. నాకు కావలసింది నా ఎదురుగా కూర్చునే మనిషి.

శనివారం బస్సు నాలుగింటికి వస్తుంది. బల్ల మీది బిళ్ళలన్నీ ఇప్పుడు నా వైపే ఉన్నాయి. పెద్ద దొంతి నాది, నేను ముందు లేవను.

మీ అక్క
వెర్నా